ఇంటి గదిలో కండెన్సర్ మైకు

మొన్న ఒక మిత్రుడు తన తల్లి పాడిన మంగళహారతులను ఇంట రికార్డు చేసి తెచ్చి వినిపించెను. ఎనుబది యేండ్ల కంఠము. ఆ ఇంట మరెవరికిని రాని పాటలు. కాని పాటకంటె ముందు పంకా వినబడినది. మైకు చవుకది కనుక ఇట్లయినదని ఆతని విచారము. దోషము మైకుది కాదు.

కండెన్సర్ మైకులో సన్నని పొర యొకటి లోహపు పలకకు ఎదురుగా నుండును. ధ్వని తగిలి పొర కదలగా, రెంటి నడుమ ఎడము మారి విద్యుత్సంకేతము పుట్టును. పొర మిక్కిలి తేలిక. తంబురా నాదపు కొసను పట్టినట్లే పంకా హోరును పట్టును. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ అనువారు, విద్యుదావేశమును తనయందే నిలుపుకొను పొరతో ఎలెక్ట్రెట్ మైకును రూపొందించిరి. ఈ జాతి మైకులు చవుకగా దొరకుటకు అదియే ముఖ్యకారణము.

కావలసినది దూరము నెరుగుట. మైకును సగము దూరమునకు జరిపినచో కంఠము సుమారు 6 డెసిబెల్లులు హెచ్చును. గది మ్రోత ఉన్నంతనే యుండును. చవుక మైకుకు సహజమైన సన్నని బుస సైతము పాట చాటున అణగును. నోటికి జానెడున్నర దూరమున, ఒకింత ప్రక్కగా నుంచిన చాలును. వట్టి గోడల గదికంటె పరుపులు, బట్టలు నిండిన గది మేలు. వేసవిలో పంకా ఆపుట కష్టమే, తెల్లవారుజామును ఎన్నుకొనవలెను.

వచ్చే ఆదివారము ఆమెను మరల పాడుమని అడుగుటకు మిత్రుడు ఒప్పుకొనెను.