రొమ్ము కాన్సర్ నుంచి కోలుకున్న తల్లులూ పాలివ్వవచ్చు

రొమ్ము కాన్సర్‌కు చికిత్స పొందిన మహిళ బిడ్డకు పాలిస్తే వ్యాధి తిరగబెడుతుందన్న భయానికి ఆధారం కనిపించడం లేదు. 2024 సెప్టెంబరులో బార్సిలోనాలో జరిగిన ఐరోపా కాన్సర్ వైద్యుల సంఘం 'ఎస్మో' సదస్సులో వెల్లడైన అధ్యయన ఫలితాల సారాంశమిది.

హార్మోన్ల ప్రభావంతో పెరిగే రొమ్ము కాన్సర్‌కు మందులు వాడుతూ, సంతానం కోసం వాటిని తాత్కాలికంగా ఆపిన మహిళలపై 'పాజిటివ్' పేరిట ఈ అధ్యయనం జరిగింది. వీరంతా 42 ఏళ్లు మించనివారు. ప్రసవించిన 317 మందిలో 196 మంది చనుబాలిచ్చారు. వారిలో సగానికి పైగా నాలుగు నెలలు దాటి పాలివ్వగలిగారు. రెండేళ్లలో మళ్లీ రొమ్ము కాన్సర్ కనిపించినవారు పాలిచ్చిన తల్లుల్లో 3.6 శాతం, ఇవ్వనివారిలో 3.1 శాతం. అంటే దాదాపు సమానమే. దీర్ఘకాల ఫలితాలు మాత్రం ఇంకా తేలవలసి ఉంది.

రేడియేషన్ చికిత్స జరిగిన రొమ్ములో పాలు సాధారణంగా తక్కువగా పడతాయి. ఒక్కోసారి అసలు పడవు. అయితే రెండో రొమ్ము పాలే బిడ్డకు సరిపోవచ్చు.

అసలు చిక్కు గడువుతోనే. అధ్యయనంలో మందులకు ఇచ్చిన విరామం గరిష్ఠంగా రెండేళ్లు. గర్భధారణ, కాన్పు, పాలివ్వడం అన్నీ ఆలోగానే ముగియాలి. టామాక్సిఫెన్ వంటి మాత్రలు తిరిగి మొదలుపెట్టాక బిడ్డకు పాలు మాన్పించవలసిందే.

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారత్‌లో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము కాన్సర్ సోకింది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ చిన్న వయసులోనే ఈ వ్యాధి బారిన పడుతున్నవారు ఎక్కువ. మందులు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిరిగి వాడాలో గర్భధారణకు ముందే కాన్సర్ వైద్యునితో నిర్ణయించుకోవడం వారికి అత్యవసరం.