ఐఫోన్ ‘జ్ఞా’ బగ్ చెప్పిన పాఠం: అజైల్, ఇష్యూ ట్రాకింగ్ అంటే అసలు ఏంటి?

ఫోన్‌కి అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ‘బగ్ ఫిక్సెస్’ అని ఒక లైన్ కనిపిస్తుంది. మనం చదవకుండానే ఇన్‌స్టాల్ నొక్కేస్తాం. కానీ ఆ లైన్ వెనక చాలా పని ఉంటుంది. ఎవరో ఆ బగ్‌ని రాసి పెట్టారు, ఇంకెవరో దాన్ని మిగతా పనుల కంటే ముందుకు జరిపారు, మరొకరు సరిచేసి టెస్ట్ చేశారు. ఈ పద్ధతినే ఇష్యూ ట్రాకింగ్, అజైల్ ప్లానింగ్ అంటారు. మా చిన్న టీమ్ కూడా ఈ మధ్యే దీనికి మారింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు ఐఐఐటీడీఎంలోనో చదివి రేపు ఉద్యోగంలో చేరేవాళ్లకి మొదటి వారంలోనే వినిపించే మాటలు ఇవి. కాబట్టి మనకి బాగా తెలిసిన ఒక బగ్‌తోనే మొదలుపెడదాం.

2018లో ఏం జరిగింది?

2018 ఫిబ్రవరిలో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది: ‘ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ని క్రాష్ చేస్తోంది’. ఐఓఎస్ 11.2.5లో ‘జ్ఞా’ ఉన్న మెసేజ్ వస్తే ఆ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే క్రాష్ అయ్యేది.

మరి రోజూ ‘విజ్ఞానం’ అని టైప్ చేసేవాళ్ల ఫోన్లు ఎందుకు ఆగిపోలేదు? ఎందుకంటే తప్పు ఆ అక్షరంలో లేదు. మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ దీన్ని విడదీసి తన బ్లాగులో రాశారు. ఒక హల్లు, పొల్లు, ఇంకో హల్లు, తర్వాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే క్యారెక్టర్, చివర ఒక అచ్చు గుర్తు. కొన్ని హల్లుల జతలు ఈ వరుసలో వస్తేనే క్రాష్. తెలుగులోనే కాదు, బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అదే సమస్య.

‘తెలుగు అక్షరం వస్తే ఫోన్ ఆగిపోతోంది’ అనేది కంప్లైంట్. ‘ఈ ఐదు క్యారెక్టర్లు ఈ వరుసలో వస్తే క్రాష్’ అనేది బగ్ రిపోర్ట్. రెండోది చేతికిస్తే డెవలపర్ వెంటనే పని మొదలుపెట్టగలడు.

ప్లాన్ మార్చుకోవడమే అజైల్

ఈ కథలో ఇంకో మలుపు ఉంది. ఆ బగ్‌కి ఫిక్స్ అప్పటికే ఐఓఎస్ 11.3 బీటాలో ఉంది. కానీ 11.3 అందరికీ వచ్చింది మార్చి 29న. అప్పటిదాకా ఆగకుండా ఆపిల్ ఫిబ్రవరి 19నే 11.2.6 అనే చిన్న అప్‌డేట్ వదిలింది. వార్త బయటికొచ్చిన వారం లోపే! ముందే వేసుకున్న ప్లాన్ ఉన్నా, అవసరాన్ని బట్టి ఒక్క పనిని ముందుకు లాగారు.

అజైల్ అసలు ఉద్దేశం కూడా ఇదే. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది డెవలపర్లు కూర్చుని రాసిన అజైల్ మేనిఫెస్టోలో నాలుగు విలువలు ఉన్నాయి. అందులో ఒకటి ఏం చెబుతుందంటే, ప్లాన్‌ని పట్టుకుని వేలాడటం కంటే మార్పుకి తగ్గట్టు కదలడం ముఖ్యం.

మన సీమ రైతుకి ఇది కొత్త కాదు. క్యాలెండర్ చూసి వేరుశనగ విత్తరు, పదును చూసి విత్తుతారు. వాన ఆలస్యమైతే ఉలవలకి మారతారు. అలాగని ప్లాన్ లేకుండా పోరు. విత్తనం, ఎరువు ముందే సిద్ధం చేసుకుని, నిర్ణయం మాత్రం సమయం వచ్చినప్పుడు తీసుకుంటారు.

మా టీమ్ ఎలా మారింది?

మేం ఐదుగురం. ఇద్దరు కర్నూలులో, ముగ్గురు కడపలో. మధ్యలో నంద్యాల, మైదుకూరు మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. ఉల్లి ధరలు చూపించే యాప్ చేస్తున్నాం. పనులన్నీ వాట్సాప్ గ్రూపులో నడిచేవి. ‘రేటు తప్పు వస్తాంది చూడన్నా’ అని ఒక మెసేజ్ వచ్చేది, సాయంత్రానికి గుడ్ నైట్ స్టిక్కర్ల కింద పడిపోయేది.

ఇప్పుడు ప్రతి పనీ ఒక టికెట్. అదే సమస్యని ఇప్పుడు ఇలా రాస్తున్నాం:

- ఏం చేశాం: నెట్ ఆఫ్ చేసి, రెండు నిమిషాల తర్వాత ఆన్ చేసి యాప్ తెరిచాం.
- ఏం రావాలి: ఈరోజు క్వింటా ధర.
- ఏం వచ్చింది: నిన్నటి ధర, పైన తేదీ మాత్రం ఈరోజుది.
- ఎక్కడ: ఆండ్రాయిడ్ 10, 3 జీబీ ర్యామ్ ఫోన్.

ఆ రెండు వారాల స్ప్రింట్‌లో మేం ముందు అనుకున్నది డార్క్ మోడ్. కడప వాళ్లు కేపీ ఉల్లి ధర వేరే లైన్‌లో చూపించాలని అడుగుతున్నారు. కానీ ఈ టికెట్ చదివాక చర్చే అవసరం రాలేదు. నిన్నటి రేటు చూసి రైతు లోడు ఎత్తితే నష్టపోయేది ఆయనే. డార్క్ మోడ్ తర్వాతి స్ప్రింట్‌కి వెళ్లింది. వాట్సాప్ మెసేజ్‌గా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని సమస్య, టికెట్‌గా రాయగానే అన్నిటికంటే పైకి వచ్చింది.

రోజూ ఉదయం కాల్ 15 నిమిషాలు మాత్రమే. స్క్రమ్ గైడ్ చెప్పే లెక్క కూడా అంతే. ‘చేస్తున్నవి’ కాలమ్‌లో ఒక్కొక్కరికి రెండు టికెట్లకి మించకూడదని మేమే ఒక రూల్ పెట్టుకున్నాం. ఇది కాన్‌బాన్ నుంచి తీసుకున్న ఐడియా. పది పనులు సగం సగం చేయడం కంటే రెండు పూర్తి చేయడం నయం.

ఏ టూల్ వాడాలి?

జిరా 2002లో వచ్చింది. గాడ్జిల్లాకి జపనీస్ పేరైన ‘గోజిరా’ నుంచి ఆ పేరు పుట్టింది, అప్పటికే ఉన్న బగ్‌జిల్లా మీద సరదాగా. పది మంది దాకా ఫ్రీ. కోడ్ గిట్‌హబ్‌లోనే ఉంటే గిట్‌హబ్ ఇష్యూస్ చాలు, మేం అదే వాడుతున్నాం. కార్డులు జరుపుకుంటే సరిపోతుందనుకుంటే ట్రెల్లో. ఐదుగురి టీమ్‌కి ఏదైనా ఒకటే. టికెట్ సరిగ్గా రాయకపోతే ఎంత ఖరీదైన టూల్ అయినా ఇంకో వాట్సాప్ గ్రూపే.

టీమ్ లేకపోయినా ఇది మీకు పనికొస్తుంది. మీ ఫోన్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తే స్క్రీన్‌షాట్ పెట్టి నవ్వుకుని వదిలేయకండి. ఏ యాప్, ఏ వెర్షన్, ఏ పదం, ఏం చేస్తే వచ్చింది: ఈ నాలుగూ రాసి ఆ యాప్ ఫీడ్‌బ్యాక్‌లో పంపండి. మన అక్షరాలు ఎలా కనిపించాలో మనకంటే బాగా ఎవరికి తెలుసు?