‘అత్యంత’ – మాటయు, కొలతయు

ఆంగ్లమున ‘ఎక్‌స్ట్రీమ్‌లీ’ అను క్రియావిశేషణము కలదు. వార్తలను తెనిగించునపుడు మేము దానిని ‘అత్యంత’ అని వ్రాయుచుందుము. ఈ రెండు మాటలకును పుట్టుకలో పోలిక ఉన్నది. ఆంగ్లపదమునకు మూలమైన లాటిను శబ్దమునకు ‘అన్నిటికంటె వెలుపలి అంచున ఉన్నది’ అని అర్థము. ‘అత్యంత’ అనగా అంతమును దాటినది. హైదరాబాదు పాతబస్తీలోని ఉర్దూలో ఇదే భావమునకు ‘నిహాయత్’ అందురు. అరబ్బీనుండి వచ్చిన ఆ పదమునకును ‘అంతము’ అనియే అర్థము. ‘బేహద్’ అన్నచో హద్దు లేనిది. భాషలు వేరైనను, అతిశయమును చెప్పుటకు అన్నియు పొలిమేరనే చూపినవి.

అయితే ఇట్టి మాటలు వాడినకొలది అరిగిపోవును. పారసీకమున ‘మస్త్’ అనగా మత్తెక్కినవాడు. తెలంగాణమున ‘మస్తుగున్నది’ అన్నపుడు ఆ మత్తు ఎవరికిని స్ఫురింపదు. ‘చాల బాగున్నది’ అను అర్థమే మిగిలినది. ఆంగ్లమున ‘టెరిబ్లీ’ అను మాటలోని భయమును ఇట్లే కరగిపోయినది.

వాడుకలో మరియొక చిక్కు కలదు. ‘ఎక్‌స్ట్రీమ్‌లీ’ ఒక గుణము యొక్క తీవ్రతను చెప్పునే గాని, ఇతరములతో పోల్చి చెప్పదు. పోలికకు ఆంగ్లమున ‘మోస్ట్’ వేరుగా ఉన్నది. మన ‘అత్యంత’ ఆ రెండు పనులును చేయుచున్నది. ‘అత్యంత పొడవైన వంతెన’ అన్నచో, చాల పొడవైనదా, అన్నిటికంటె పొడవైనదా? వినువారికి తెలియదు. కావున మొదటి అర్థమున ‘చాల’ అనియు, రెండవ అర్థమున ‘అన్నిటికంటె’ అనియు చెప్పుట మేలు. ‘అత్యంత శ్రేష్ఠతమము’ అనుట పునరుక్తి.

వాతావరణ వార్తలలో మాత్రము ఈ మాటకు నిశ్చితమైన కొలత కలదు. భారత వాతావరణ శాఖ లెక్కలో, 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని కురిసిన వాన ‘భారీ’, 115.6 మొదలుకొని ‘అతి భారీ’, 204.5 గాని అంతకు మించి గాని కురిసినది ‘అత్యంత భారీ’. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరమున వేలమందిని బలిగొన్నది. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట ప్రాంతములలో ఇండ్లు మునిగినవి. అట్టి పల్లపు వాడలలో పిల్లలను, వృద్ధులను ఎప్పుడు మెట్ట ప్రాంతమునకు చేర్చవలెనో తెలుపునది ఈ ఒక్క మాటయే కావచ్చును.

ప్రతి విందునకు, ప్రతి సభకు, ప్రతి చిత్రమునకు ‘అత్యంత’ను వెచ్చించినచో, నిజముగా ముప్పు వచ్చిననాడు ఆ మాట చెవికి ఆనదు. మిక్కిలి, చాల, ఎంతయు, కడు – తెనుగున మాటలకు కొదువ లేదు. వాన వార్త చదువునపుడు మాత్రము శాఖవారి మాటను పెంచకయు, తగ్గింపకయు, దాని ప్రక్కన అంకెను కూడ చెప్పుట మా ధర్మము.