వాండా టెస్సెలేటా చుట్టాలెవరు?

తూర్పు కనుమల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే ఆర్కిడ్లలో వాండా టెస్సెలేటా ఒకటి. ఆకులు సన్నటి పట్టీల్లా, నడుమ మడతతో, కొసన కొరికినట్టు ఉంటాయి. పూరేకుల మీద పచ్చటి, బూడిద రంగుల మధ్య గోధుమ గీతలు గళ్లు గళ్లుగా అల్లుకుంటాయి. ముందుకు వచ్చిన రేకు మాత్రం ఊదా రంగు. బదనిక అనుకుని దీన్ని పీకి పారేయడం అన్యాయం. చెట్టును ఆసరాగా పట్టుకుంటుందే కానీ దాని రసం పీల్చదు.

మరి నీళ్లెక్కడివి? గాలిలో వేలాడే వేళ్లు ఎండకు తెల్లగా పాలిపోయి ఉంటాయి. కాసిన్ని నీళ్లు చల్లి చూడండి, చూస్తుండగానే పచ్చబడతాయి. వేరు చుట్టూ వెలమెన్ అనే మృతకణాల పొర ఉంటుంది. అది నీళ్లు పీల్చుకోగానే లోపలి పత్రహరితం పైకి కనిపిస్తుంది. వాండాల ఆకులు కూడా పొదుపరులే. రంధ్రాలు రాత్రిపూట తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి, పగలు మూసుకుని తేమ దాచుకుంటాయి.

సామర్లకోటలో ఏళ్లపాటు ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీనికి ఎపిడెండ్రమ్ టెస్సెలేటమ్ అని పేరు పెట్టాడు. చెట్ల మీది ఆర్కిడ్లను చాలావరకు ఎపిడెండ్రమ్ ప్రజాతిలోనే వేసే రోజులవి. ఒకే మర్రి మీద కాపురమున్నంత మాత్రాన కాకీ గబ్బిలం చుట్టాలవుతాయా?

పువ్వు లోపలికి చూస్తేనే అసలు చుట్టరికం తెలుస్తుంది. ఇందులో కేసరమూ కీలమూ కలిసి ఒకే స్తంభంగా ఉంటాయి. పుప్పొడి పొడిగా రాలదు. రెండు ముద్దలుగా, చిన్న కాడతో, జిగురు బిళ్లతో ఉంటుంది. కీటకం వాలితే ఆ మొత్తం దాని ఒంటికి అంటుకుపోతుంది. 1820లో రాబర్ట్ బ్రౌన్ వాండా ప్రజాతిని నిలబెట్టి, ఈ మొక్కను వాండా రాక్స్‌బర్గై అన్నాడు. అయితే జాతి పేర్లలో ముందు పెట్టినదానికే హక్కు. రాక్స్‌బర్గ్ 1795లో పెట్టిన టెస్సెలేటమ్ మాటే ముందుది. అందుకే ఆ మాటను వాండాకు జతచేసిన 1830 నాటి వాండా టెస్సెలేటా పేరే ఇప్పుడు చెల్లుతోంది.

డీఎన్ఏ పోలికలు వచ్చాక కుటుంబం ఇంకా పెరిగింది. చిన్న చిన్న నారింజ, ఎర్ర పూల ఆస్కోసెంట్రమ్ జాతులు 2012లో వాండాలో కలిశాయి. జపాన్ వాళ్లు తరతరాలుగా మక్కువతో పెంచుకునే తెల్లపూల నియోఫినేటియా కూడా ఇందులోకే వచ్చింది. పైకి చూస్తే ఒకదానికొకటి పోలికే ఉండదు!

ఈ హద్దులు మళ్లీ మారవచ్చు. కానీ వాండాకు నమూనా జాతి మన గళ్ల పూల మొక్కే. రేపు ఈ ప్రజాతిని ఎన్ని ముక్కలు చేసినా, వాండా అనే పేరు ఇది ఉన్న ముక్కకే దక్కుతుంది.