హిప్పర్గా చెరువులో కొర్రమట్ట

తుళజాపూర్ రోడ్డు మీది హిప్పర్గా చెరువు మన షోలాపూరోళ్లందరికీ ఎరుకే. సర్కారు కాగితాల్లో దాని పేరు ఏక్‌రుఖ్. ఎండాకాలం వస్తే నీళ్లు లోపలికి జరిగి, ఒడ్డు పొడుగునా మోకాలు లోతు, నడుము లోతే మిగులుతయి. అడుగున బురద, పైన నాచు, తుంగ. కొర్రమట్ట ఉండేది అట్లాంటి చోటనే. ఇక్కడోళ్లు మరళ్ అంటరు. తెలంగాణ సర్కారు 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే.

మిల్లు మూతపడ్డంక నాకు వారమంతా సెలవే అయింది. అప్పుడు పట్టిన గాలం ఇప్పటికీ విడవలేదు.

వానపాము గుచ్చితే చిన్న చిలాపీలు తినిపోతయి. కొర్రమట్టకు కప్ప కావాలె, లేకుంటే కప్ప లెక్క కదిలేదన్నా కావాలె. అందుకే జిగ్ చేసుకున్న. పెద్ద సంగతేం కాదు, గాలం మెడకు సీసం గుండు, వెనక కుచ్చు. అమెరికాలో బాస్ అనే చేపను దీంతోనే పడతరు. అదీ నాచులో దాక్కుని మీదపడే రకమే. కుచ్చుకు నేను చద్దర్ నూలు వాడిన, నలుపు, ఎరుపు కలిపి. మొన నాచుకు తట్టుకోకుండ పాత రీడు తీగ ఒకటి వంచి ముందర కట్టిన. ఏండ్ల తరబడి చేతిలో ఆడిన తీగ, ఇక్కడ పనికొచ్చింది. గుండు అర తులం దాటొద్దు. బరువైతే బురదలో కూరుకపోతది. తేలికదైతే మెల్లగ దిగుతది, చేప వచ్చి కొట్టేది అది దిగేటప్పుడే. సీసం ఇంట్లో కరిగించొద్దు, ఆ పొగ విషం. తడి అచ్చులో పోస్తే చిట్లి మొహం మీద పడతది.

ముడి సంగతి కూడా చెప్పాలె. పోగు తెగితే కండ్లు మూసుకుని ముడేస్తమని మనకు గర్వం గద. నైలాను దారానికి ఆ ముడి జారుతది. నా మొదటి పెద్ద చేప అట్లనే పోయింది, జిగ్‌తో సహా. దారం చుట్టూ దారాన్ని ఐదు చుట్లు తిప్పి, గాలం దగ్గరి సందులోంచి తీసి, ఉమ్మితో తడిపి బిగించాలె.

కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగుతది. బుడుంగుమన్న చోటు గుర్తు పెట్టుకుని కదలకుండ నిలబడాలె. ఒడ్డు మీద దబదబ నడిస్తే దానికి తెలిసిపోతది. నాచు సందుకు అవతల వేసి, దిగనిచ్చి, జానెడు లేపి, మళ్లీ దిగనియ్యాలె. దారం పక్కకు జరిగితే ఒక్క ఊపిరి ఆగి గట్టిగ గుంజాలె. దాని నోరంతా ఎముకే. నాచులో దూరనిస్తే ఇగ రాదు.

ఒక వానకాలం నేను తప్పు చేసిన. ఒడ్డు పక్కన నీళ్ల మీద ఎర్రటి ముద్ద, చినుకులు పడ్డట్టు చిటపట. కొర్రమట్ట పిల్లలు, వందలు. తల్లీతండ్రీ వాటి కిందనే కాపలా ఉంటయి, దగ్గరికి ఏదొచ్చినా కొడతయి. ఆకలికి కాదు, పిల్లల కోసం. ఆ సంగతి తెలిసే జిగ్ వేసిన. మొదటి ఏటుకే ఒకటి దొరికింది. మళ్లీ వేస్తే రెండోది. సంబరంగ గట్టెక్కుతుంటే, చెరువు లీజుకు తీసుకున్న సొసైటీ ఆయన ఎదురొచ్చిండు. నా సంచి చూసి, ముద్ద దిక్కు చూసి, "కాకా, ఇగ వాటికెవరు?" అన్నడు. తిట్టలేదు. నేనక్కడనే కూసున్న. కాసేపటికి చిలాపీలు వచ్చినయి, నీటికాకులు వచ్చినయి. ముద్ద చెదిరింది. పొద్దెక్కేసరికి నీళ్ల మీద ఎర్రదనమే లేదు. ఆ రాత్రి ఇంట్లో అందరూ పులుసు తిన్నరు, నేను మజ్జిగన్నం తిన్న.

అప్పటి సంది మృగశిర నుంచి దసరా దాకా జిగ్ డబ్బా అటక మీదనే. మృగశిర నాడు చేప తినాలంటరు గద, ఆ ఒక్కరోజుకు బజారులో చిలాపీ కొంటం. దసరా ఎల్లినంక సొసైటీ ఆయనను అడిగినంకనే గాలం వేస్త. చిన్నది పడితే తడి చేత్తో పట్టుకుని వదిలేస్త.

కుచ్చు కట్టుడు నేర్చుకుంటమనే పిల్లలుంటే ఆదివారం మా ఇంటికి పంపుండ్రి. నూలు నేనే ఇస్త. సీసం మాత్రం నేనే పోస్త, వాళ్లను పోయనియ్య.