గేమింగ్ నెట్‌వర్క్ కార్డు కొనవచ్చునా?

సైన్సు విద్యార్థి సంఘ సంచికకు వ్యాసం రాస్తానని చెప్పి, కంప్యూటర్ ఆటల గురించి రాయడమేమిటని పెద్దలు కోప్పడవచ్చు. కాని ఇది ఆటల సంగతి కాదు, డబ్బు సంగతి. పోయినేడు సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, ధాన్యం అమ్మిన డబ్బులోంచి మెస్ బిల్లుకీ పరీక్ష ఫీజుకీ కలిపి నాన్న కొంత ఇచ్చాడు. ఆ డబ్బు జేబులో ఉండగానే నా రూమ్మేటు, "ఒరేయ్, మనం ఓడిపోతున్నది ఆట రాక కాదురా, పింగ్ ఎక్కువై. గేమింగ్ కార్డు వేస్తే సరి!" అన్నాడు. నేను దాదాపు కొనేశాను. ఎందుకు కొనలేదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పింగ్ అంటే ఏమిటో చూద్దాం. మన కంప్యూటర్ నుంచి ఒక చిన్న కబురు ఆట నడిపే సర్వర్‌కు వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి పట్టే కాలమే పింగ్. దీన్ని మిల్లీసెకన్లలో, అనగా సెకనులో వెయ్యో వంతులలో కొలుస్తారు. ఇది ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు.

మరి ఈ ఆలస్యం ఎక్కడ పుడుతోంది? మాది వంశధార ఎడమ కాలువ శివారు భూమి. గొట్టా బ్యారేజి దగ్గర నీళ్ళు వదిలారని కబురు తెలిసినా, అవి మా చేలోకి చేరేసరికి రోజులు గడుస్తాయి. అప్పుడు మా పొలం గట్టున ఉన్న తూము వెడల్పు చేస్తే నీళ్ళు ముందుగా వస్తాయా? రావు. ఆలస్యం తూములో లేదు, కాలువ పొడవులో ఉంది. పైగా, ఎగువనున్నవాళ్ళందరూ ఒకేసారి నీళ్ళు పెట్టుకుంటే మన వంతు ఇంకా వెనకబడుతుంది. నెట్‌వర్క్ కార్డు మన పొలం తూము వంటిది.

లెక్క వేసి చూద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ముంబయికి తిన్నగా చూస్తే సుమారు 1,100 కిలోమీటర్లు. రానూ పోనూ 2,200. అంటే 11 మిల్లీసెకన్లు ఎలాగూ తప్పవు. సింగపూర్‌లోని సర్వర్ అయితే ఒకవైపే సుమారు 2,900 కిలోమీటర్లు, కాబట్టి 29 మిల్లీసెకన్లు తప్పవు. తీగలు తిన్నగా పోవు, దారిలో ఎన్నో రౌటర్లుంటాయి, కనుక నిజంగా పట్టేది ఇంతకన్న ఎక్కువే. ఇక కార్డు సంగతి: 200 బైట్ల కబురును మామూలు గిగాబిట్ కార్డు తీగలోకి పంపడానికి 1.6 మైక్రోసెకన్లు, అంటే మిల్లీసెకనులో 625వ వంతు చాలు! దీంట్లో ఎంత ఆదా చేస్తే మాత్రం ఏం లాభం?

ఈ వ్యాపారం కొత్తది కూడా కాదు. అమెరికాలో బిగ్‌ఫుట్ నెట్‌వర్క్స్ అనే సంస్థ 2006లో 'కిల్లర్' అనే కార్డును సుమారు 280 డాలర్లకు అమ్మింది. దానిమీద 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 64 మెగాబైట్ల మెమరీ, లినక్స్ కూడా ఉండేవి. కంప్యూటర్ ప్రాసెసరు చేయవలసిన నెట్‌వర్క్ పని ఈ కార్డే చేస్తుందన్నమాట. ఆ ఆలోచన తప్పు కాదు; అప్పటి కంప్యూటర్లకు ఆ మాత్రం పని కూడా బరువే కావచ్చు. అయినా పరీక్షించి చూసిన పత్రికలవారిలో చాలామంది ఖరీదుకు తగ్గ ఫలితం లేదనే తేల్చారు. బిగ్‌ఫుట్‌ను 2011లో క్వాల్‌కమ్ వారు కొన్నారు. తర్వాత కిల్లర్ పేరు రివెట్ నెట్‌వర్క్స్ చేతికి వచ్చింది. 2020లో ఆ సంస్థను ఇంటెల్ కొన్నది. ఇవాళ్టి ప్రాసెసర్లకు ఈ పని ఒక లెక్కలోది కాదు, మదర్‌బోర్డుమీదే గిగాబిట్ పోర్టు ఉంటోంది.

"మరి ఆటకు ముందు వరస ఇస్తుందటగా?" అని మా వాడి ప్రశ్న. ఇస్తుంది, కాని మన కంప్యూటర్‌లోంచి పోయే కబుర్లకే. పక్క గదిలో సినిమా దించుకుంటున్నవాణ్ణి అది ఆపలేదు. ఆ వరసలు సరిచేయవలసింది రౌటర్.

మాటలెందుకని నేనే కొలిచి చూశాను. వైఫై మీద మా వరండాలోని రౌటర్‌కు పింగ్ చేస్తే మధ్యాహ్నం 3, 4 మిల్లీసెకన్లు వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి 60, 80, ఒకసారైతే 200! ఇంకా కబురు మా మేడ దాటనేలేదు సుమండీ. తర్వాత ఒక స్నేహితుడి దగ్గర కేబుల్ అడిగి తెచ్చి తగిలించాను. అదే రాత్రి, అదే పాత పోర్టు, 1 మిల్లీసెకను లోపే. ఆలస్యంలో కొంత దూరానిది, కొంత రద్దీది. కార్డుది లేదు.

కాబట్టి మిత్రులకు నా సలహా ఇది. పోర్టు పాడైతే మామూలు కార్డు కొనండి. వైఫై మీద ఆడేవారు ముందు కేబుల్ వేసి చూడండి. ఆటలో దగ్గరి సర్వర్‌ను ఎంచుకోండి. అన్నిటికన్న ముందు పింగ్ కొలవండి. దానికి పైసా ఖర్చు లేదు.

నేను పది మీటర్ల కేబుల్ కొన్నాను. మెస్ బిల్లు కట్టాను, పరీక్ష ఫీజూ కట్టాను. మేం ఇప్పటికీ ఓడిపోతూనే ఉన్నాం. కాని ఇప్పుడు కారణం తెలుసు: మాకు ఆట రాదు.