అంబాసిడర్‌కో సర్వర్

అంబాసిడర్‌లో ప్లాటినం పాయింట్ల మధ్య గ్యాప్ ఎంతుండాలి? విజయవాడ ఆటోనగర్‌లో తలపండిన మెకానిక్‌ని అడిగి చూడండి. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ తీయకుండా, కంటితోనే అంచనా కట్టి స్క్రూ బిగించేస్తాడు. లెక్క ప్రకారం 15 థౌ, అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పదిహేను. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆ కారు తయారీ ఆగింది 2014 మేలో. ప్రీమియర్ పద్మిని కారు తయారీ అంతకు పుష్కరం పైగా ముందే ఆగిపోయింది. కార్లయితే మిగిలాయి. వాటి గుట్టు తెలిసిన చేతులకు మాత్రం వయసు మీద పడుతోంది.

ఆ గుట్టంతా ఇప్పుడు ఎక్కడుంది? వాట్సాప్ గ్రూపుల్లో. పొద్దున ఎవరో అంబాసిడర్ మార్క్-2 గ్రిల్ ఫొటో పెడతారు, సాయంత్రానికి అది పండగ శుభాకాంక్షల కింద పడి కనిపించకుండా పోతుంది. ఊరికే దొరికే చోట దాచుకుంటే ఏమవుతుందో పాత కార్లవాళ్లకు బయటి దేశాల్లో ఇదివరకే తెలిసొచ్చింది. సొంత పేజీలకు ఊరికే చోటిచ్చిన జియోసిటీస్‌ను 2009 అక్టోబరులో యాహూ మూసేసింది. 2017లో ఫొటోబకెట్, తన దగ్గర దాచిన ఫొటోలు వేరే సైట్లలో కనిపించాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. కార్బొరేటర్ విప్పే పద్ధతిని అంచెలంచెలుగా చూపించిన పేజీల్లో ఫొటోలన్నీ రాత్రికి రాత్రి పోయి, వాటి చోట డబ్బు కట్టమనే బొమ్మ నిలబడింది. రాత ఉంది, చూపించాల్సింది లేదు.

మన దగ్గర ఈ వివరాలు భద్రంగా దాచుకోవడానికి ఇంకో అవసరం కూడా వచ్చింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. అసలు రూపం ఏదో తేల్చేదెవరు? ఎన్టీఆర్ చైతన్య రథంగా మార్చుకున్న షెవర్లే వ్యాన్ లాంటి పేరున్న బళ్ల చరిత్రను నలుగురూ చెప్పుకుంటారు. ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకొని నిలబడ్డ 1968 మార్క్-2 గురించి చెప్పే దిక్కెవరు?

అందుకే ఇవన్నీ పెట్టుకోవడానికి ఒక సైటు, దానికి సొంత సర్వర్. పేరు విని బెదరక్కర్లేదు. రాత్రీ పగలూ నడుస్తూ, ఎవరు పేజీ అడిగినా తీసి ఇచ్చే కంప్యూటర్, అంతే. అరచేతిలో పట్టే ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే బుల్లి కంప్యూటర్ కూడా ఆ పని చేస్తుంది. కానీ ఇంట్లో పెడితే కరెంటు కోతలు ఒక బెడద, బ్రాడ్‌బ్యాండ్ ఇంకో బెడద. చాలా కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను బోలెడు ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటివాళ్లు మీ ఇంటి మెషీన్ దాకా రాలేరు. డేటా సెంటర్‌లో నెలకు ఐదారు డాలర్లకు చిన్న సర్వర్ అద్దెకు దొరుకుతుంది. ఒక జీబీ ర్యామ్ ఉంటే మన సైటుకు ఎక్కువే. దాని మీద డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, ఆ పైన పేజీలు తీసి ఇచ్చే ఎన్జిన్‌ఎక్స్ ప్రోగ్రామ్, 2004 నుంచి ఉన్నదే. బ్రౌజర్‌లో సైటు పేరు పక్కన తాళం గుర్తు కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఊరికే ఇస్తుంది. దానికి 90 రోజులే గడువు, అయినా సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే అదే ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకుంటుంది.

అసలు తగువంతా పేజీలు ఎలా తయారుచేయాలన్న దగ్గరే. చాలామంది ముందుగా వర్డ్‌ప్రెస్ అంటారు. నేను మాత్రం వద్దంటాను. డేటాబేస్, ప్లగిన్లు, వాటికి వారం వారం అప్‌డేట్లు... ఆదివారం కారు కింద పడుకోవాల్సిన మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే పని అది. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో పెడితే చాలు. అంబాసిడర్ బోనెట్ ఎత్తితే డైనమో, డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్ ఏది ఎక్కడుందో కంటికి కనిపించినట్టే, ఆ ఫోల్డర్ తెరిస్తే సైటంతా కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత ఎవరు తెరిచినా అర్థమవుతుంది.

ఫొటోల దగ్గర మాత్రం ఓపిక కావాలి. ఫోన్‌తో తీసిన ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, ఐదు ఎంబీ దాకా ఉంటుంది. గేర్‌బాక్స్ విప్పిన పేజీలో అలాంటివి 40 పెడితే 200 ఎంబీ. రాణీగంజ్‌లో స్పేర్ల కొట్టు ముందు నిలబడి ఫోన్‌లో చూసేవాడికి అది ఎప్పటికి తెరుచుకోవాలి? 1600 పిక్సెళ్లకు కుదిస్తే ఒక్కోటి 300 కేబీకి దిగుతుంది, మొత్తం 12 ఎంబీ. అసలు ఫొటోను పారేయొద్దు, నొక్కితే తెరుచుకునేలా పక్కన ఉంచండి. ఇంజిన్ బ్లాక్ మీద పోతపోసిన అంకెలు చదవాలంటే అదే దిక్కు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫైల్లోనే నమోదవుతుంది. పేజీలో బండి అందం చూపిస్తున్నామనుకుంటాం, దొంగకు ఇంటి గేటు దాకా దారి చూపిస్తాం. ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్క కమాండ్ కొడితే ఆ వివరాలన్నీ చెరిగిపోతాయి. ఆర్సీ స్కాన్‌లో ఛాసిస్ నంబరు, చిరునామా ఉంటాయి. అవి చెరపకుండా పెట్టే పేజీ పెట్టకపోవడమే మేలు.

సర్వర్ ఎక్కించిన మొదటి రాత్రే, వచ్చిపోయినవాళ్ల చిట్టా ఉండే లాగ్ ఫైల్ తెరిచి చూడండి, సరదాగా ఉంటుంది. సైటు సంగతి ఇంకా స్నేహితులకు కూడా చెప్పి ఉండరు. అప్పటికే ఎక్కడెక్కడివో మెషీన్లు వచ్చి ‘రూట్’, ‘అడ్మిన్’ పేర్లతో తలుపులు తోస్తుంటాయి. లేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం వెతికి, అలాంటి పేజీ లేదనే ‘404’ జవాబు తీసుకుని వెళ్లిపోతుంటాయి. మన మీద కక్షేమీ లేదు, కనిపించిన ప్రతి తలుపునూ తడతాయి. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే వీలు తీసేసి మీ కంప్యూటర్‌లో ఉండే తాళంచెవి ఫైలు, అంటే ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకుంటే, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా చేస్తే, ఇలాంటి సైటుకు దాదాపు సరిపోతుంది.

నిజానికి ఇలాంటి సైట్లను హ్యాకర్లకంటే ఎక్కువగా చంపేది మతిమరుపు. సైటు నడిపే కుర్రాడు ఉద్యోగానికి డాలస్ వెళ్లిపోతాడు. డొమైన్, అంటే సైటు పేరు, అతని పాత మెయిల్ మీద ఉంటుంది, రెన్యువల్ నోటీసు ఎవరూ చూడరు. గడువు దాటిన పేరును ఎవరో కొనేసి ఆన్‌లైన్ జూదం ప్రకటనలు పెడతారు. అందుకని పేరు కొన్న రోజే కొన్ని ఏళ్లకు కలిపి డబ్బు కట్టేయండి, ఇద్దరి మెయిళ్లు ఇవ్వండి. నెలకోసారి ఫోల్డర్ మొత్తం ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ వేరే ఊళ్లో ఉన్న కారు మిత్రుడి ఇంట్లో ఉంచండి. డొమైన్ ఎక్కడ కొన్నదీ, సర్వర్ అద్దె ఏ కార్డు మీద పోతున్నదీ, డిస్క్ ఎవరి దగ్గరున్నదీ ఒక కాగితం మీద రాసి, బండి ఆర్సీ, ఇన్సూరెన్స్ ఉన్న ఫైల్లోనే పెట్టండి. రేపు బండి ఎవరి చేతికి వెళ్లినా ముందు తెరిచేది ఆ ఫైలునే.